పరాయి ఇంట్లో తాళం చెవి: క్లౌడ్ డేటాబేస్‌ను బయటి విశ్లేషణ సాధనానికి కలిపేటప్పుడు

శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గ జంట పట్టణాల్లోని ఒక జీడి పరిశ్రమను ఊహించుకుందాం. పిక్కలు ఎన్ని బస్తాలు దిగాయి, 80 కిలోల బస్తాకు ఎంత పప్పు వచ్చింది, అందులో గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత, ఏ వ్యాపారి నుంచి ఎంత బాకీ రావాలి అన్న లెక్కలన్నీ ఒకప్పుడు గుమాస్తా చేతి ఖాతా పుస్తకాల్లో ఉండేవి. ఇప్పుడు అవి ముంబయిలోనో హైదరాబాదులోనో ఉన్న క్లౌడ్ కేంద్రంలో, పోస్ట్‌గ్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఒక డేటాబేస్‌లో ఉన్నాయి. యజమాని కోరేది చిన్న విషయమే: పొద్దున్నే ఫోన్ తెరిస్తే నిన్నటి లెక్క గ్రాఫుగా కనిపించాలి. అందుకు పవర్ బీఐ, టాబ్లో, లుకర్ స్టూడియో, మెటాబేస్ వంటి విశ్లేషణ సాధనం ఒకటి కావాలి, ఆ సాధనం డేటాబేస్ దాకా వెళ్లి లెక్క తెచ్చుకోగలగాలి.

ఆ సాధనంలో కొత్త కనెక్షన్ అని నొక్కగానే వచ్చే తెర మీద సాధారణంగా ఐదు గడులు ఉంటాయి: హోస్ట్ పేరు (సర్వర్ చిరునామా), పోర్టు (దాని తలుపు అంకె), డేటాబేస్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్. ఐదూ నింపి నొక్కితే, జాగ్రత్తగా కట్టిన డేటాబేస్ మొదటిసారి ఒప్పుకోదు. కాసేపు ఎదురుచూసిన తర్వాత గడువు మీరిందన్న సందేశం వస్తుంది. ఎవరిని లోపలికి రానివ్వాలో చూసే కాపలా, అంటే ఫైర్‌వాల్, తన పని తాను చేసిందనడానికి అదే గుర్తు. అయితే ఆ సందేశాన్ని చూసిన మనిషికి అది అడ్డంకిగానే కనిపిస్తుంది, దాన్ని తొలగించే తొందరలో చేసే పని ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఆ పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూడటం అవసరం. నరసన్నపేటలోనో రాజాంలోనో ఇంటి నుంచి పని చేసే ఇంజనీరు ఒకరు ఈ పరిశ్రమకు సాంకేతిక సాయం చేస్తున్నారనుకుందాం. ఆయన మొదట పద్ధతిగానే తన ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉన్న ఐపీ చిరునామా ఒక్కటే ఫైర్‌వాల్ నియమంలో రాస్తారు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు సాధారణంగా స్థిరమైన చిరునామా ఉండదు. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చి రూటర్ మళ్లీ వెలిగేసరికి చిరునామా మారిపోతుంది, కనెక్షన్ తెగిపోతుంది. రెండుసార్లు ఓపికగా కొత్త చిరునామా రాస్తారు. మూడోసారి యజమాని ఫోన్ చేసి రిపోర్టు రావడం లేదని గట్టిగా అడిగినప్పుడు, ఆ గడిలో 0.0.0.0/0 అని రాసి, పక్కన వివరణలో ‘తాత్కాలికం’ అని చేరుస్తారు. వెంటనే పని అయిపోతుంది. ఆ తెర దగ్గరికి మళ్లీ ఎవరూ రారు.

గీత తర్వాత ఉన్న ఆ సున్నాకు అర్థం, చిరునామాలోని 32 బిట్లలో ఒక్కటి కూడా సరిపోలనక్కరలేదని. అంటే ఐపీ నాలుగో వెర్షన్ చిరునామాలు దాదాపు 429 కోట్లలో ఏది తలుపు తట్టినా ఫైర్‌వాల్ పక్కకు తప్పుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ వినే పోర్టు 5432, మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ వినే పోర్టు 3306 అన్నది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి, ఈ పోర్టుల కోసం ఇంటర్నెట్ మొత్తాన్నీ జల్లెడ పట్టే యంత్రాలు నిరంతరం తిరుగుతూనే ఉంటాయి. పలాసలోని చిన్న పరిశ్రమ మీద ఎవరికి కన్ను ఉంటుందన్న ధీమాకు ఇక్కడ తావు లేదు. ఆ యంత్రాలు పేరు చూసి రావు, తెరిచి ఉన్న పోర్టు చూసి వస్తాయి. పోర్టు అంకె మార్చి దాచే ప్రయత్నం వాటిని కొంతసేపు ఆలస్యం చేయగలదు, అంతకు మించి చేయలేదు.

ఇంత చెప్పాక, అసలు విషయం దీనికంటే లోతుగా ఉందని గుర్తించాలి. ఫైర్‌వాల్ నియమం సరిగ్గా రాసినా, మార్గమంతా ఎన్‌క్రిప్ట్ చేసినా (మధ్యలో ఎవరూ చదవలేని సంకేతంగా మార్చినా), ఒక వాస్తవం మారదు: డేటాబేస్ యూజర్ పేరూ పాస్‌వర్డూ ఇప్పుడు ఇంకొక కంపెనీ సర్వర్లలో నిల్వ ఉన్నాయి. ఇంటి తాళం చెవి ఒకటి పరాయి ఇంట్లో మేకుకు వేలాడుతోంది. ఆ ఇంటివారు మంచివారే కావచ్చు, వారి ఇంట్లో దొంగలు పడరని మాత్రం ఎవరూ పూచీ ఇవ్వలేరు. 2024 ఏప్రిల్‌లో సైసెన్స్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చొరబాటు జరిగినప్పుడు, అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా ఆ కంపెనీ ఖాతాదారులందరినీ తమ పాస్‌వర్డులు, తాళాలు మార్చుకోవాలని హెచ్చరించింది. ఖాతాదారుల వైపు తప్పేమీ లేకపోయినా, వారి డేటాబేస్‌ల తాళాలు ఆ కంపెనీ దగ్గర ఉన్నందువల్ల ప్రమాదం వారి గుమ్మం దాకా వచ్చింది. అదే ఏడాది స్నోఫ్లేక్ క్లౌడ్ డేటా వేదికను వాడే సుమారు 165 సంస్థలకు ముప్పు ఏర్పడిందని దర్యాప్తు చేసిన సైబర్ భద్రతా సంస్థ మాండియంట్ ప్రకటించింది. అక్కడ జరిగినది మరింత సాదా సంగతి. ఎక్కడో దొంగిలించిన పాస్‌వర్డులు ఏళ్ల తర్వాత కూడా మారకుండా ఉన్నాయి, రెండో అంచె ధ్రువీకరణ లేదు, ఏ చిరునామా నుంచి వచ్చినా లోపలికి రానిచ్చారు.

అందుకే బయటి సాధనంతో కనెక్షన్ కుదిర్చేటప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న, ఈ తాళం చెవి పోతే ఎన్ని గదులు తెరుచుకుంటాయన్నది. మార్గం ఎంత గట్టిగా ఉందన్న ప్రశ్న దాని తర్వాతిది. చాలాచోట్ల ఈ రెండూ తలకిందులవుతాయి. మార్గం గురించి పేజీలకు పేజీలు సూచనలు ఉంటాయి, గది గురించి ఒక వాక్యంతో సరిపెడతారు.

తాళం చెవి ఏ గదిది

క్లౌడ్‌లో డేటాబేస్ సృష్టించినప్పుడు ఒక ప్రధాన యూజర్ పుడతాడు. టేబుళ్లు సృష్టించడం, తుడిచేయడం, కొత్త యూజర్లను చేర్చడం అన్నీ అతని చేతిలోనే ఉంటాయి. చేతికి అందుబాటులో ఉన్న పాస్‌వర్డ్ అదొక్కటే కావడం వల్ల, ఎక్కువమంది దాన్నే తీసుకెళ్లి విశ్లేషణ సాధనంలో పెడతారు. నిన్నటి పప్పు దిగుబడి చూడటానికి మొత్తం కర్మాగారాన్ని కూల్చగల అధికారం అవసరమా అని ఆలోచిస్తే, ఈ అలవాటు ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది.

చేయవలసినది సులువే. విశ్లేషణ సాధనానికి వేరుగా ఒక యూజర్‌ను సృష్టించాలి. రెండు సాధనాలు ఉంటే ఇద్దరు యూజర్లు ఉండాలి, ఎందుకంటే రేపు లాగ్‌లో (ఎవరు ఏం చేశారో నమోదయ్యే చిట్టాలో) అనుమానాస్పదమైన పని కనిపిస్తే అది ఏ సాధనం తలుపు నుంచి వచ్చిందో పేరే చెప్పాలి. ఆ యూజర్‌కు చదివే హక్కు మాత్రమే ఇవ్వాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఇక్కడ ఒక ఉచ్చు ఉంది: యూజర్ లావాదేవీలు చదవడానికే పరిమితం అని చెప్పే డిఫాల్ట్ ట్రాన్సాక్షన్ రీడ్ ఓన్లీ అన్న అమరికను పెట్టి నిశ్చింతగా ఉండేవారు ఉన్నారు. లోపలికి వచ్చినవారు ఒక్క సెట్ ఆదేశంతో దాన్ని తీసేయగలరు. అది పొరపాట్లను ఆపుతుందే గాని చొరబాటును ఆపదు. నిజమైన అడ్డు గ్రాంట్ ఆదేశంతో ఇచ్చిన హక్కుల్లోనే ఉంటుంది. 2021లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి, అన్ని టేబుళ్లనూ ఒకేసారి చదవనిచ్చే పీజీ రీడ్ ఆల్ డేటా అనే సిద్ధపు పాత్ర కూడా పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. సౌకర్యంగా ఉంటుంది కాబట్టి దాన్ని వాడాలనిపిస్తుంది. బయటి సాధనానికి మాత్రం దాన్ని ఇవ్వకూడదు.

ఎందుకు ఇవ్వకూడదో ఆ జీడి పరిశ్రమ డేటాబేస్ తెరిచి చూస్తే అర్థమవుతుంది. అందులో ఉత్పత్తి టేబుల్ పక్కనే కార్మికుల టేబుల్ ఉంటుంది. పిక్కలు కొట్టే, పొట్టు తీసే, గ్రేడులు వేరుచేసే ఆడవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ అంకెలు, కూలి జమ అయ్యే బ్యాంకు ఖాతాలు అందులో వరుసగా ఉంటాయి. కిలో లెక్కన కూలి తీసుకునే ఆ మనుషులకు తమ వివరాలు ఏ దేశంలోని ఏ సర్వర్ దాకా ప్రయాణం కట్టాయో తెలియదు, తెలుసుకునే దారీ లేదు. వాళ్ల తరఫున ఆలోచించవలసిన బాధ్యత గ్రాంట్ ఆదేశం రాసే చేతిదే. యజమాని ఫోన్‌లో కనిపించే గ్రాఫుకు తేదీ, గ్రేడు, కిలోలు, ధర అన్న నాలుగు కాలమ్‌లు చాలు. ఒక్క ఆధార్ అంకె కూడా అక్కరలేదు.

ఆ నాలుగు కాలమ్‌లతో ఒక వ్యూ (ఎంచుకున్న కాలమ్‌లనే చూపే కిటికీ) తయారు చేసి, దాన్ని వేరే స్కీమాలో (డేటాబేస్‌లోని విడి అరలో) పెట్టి, సాధనం యూజర్‌కు ఆ వ్యూ మీద మాత్రమే సెలెక్ట్ (చదివే) హక్కు ఇవ్వడం మంచి పద్ధతి. పోస్ట్‌గ్రెస్‌లో వ్యూ మామూలుగా దాని యజమాని హక్కులతో నడుస్తుంది కాబట్టి, చదివేవారికి అడుగున ఉన్న అసలు టేబుళ్ల మీద ఏ హక్కూ అవసరం లేదు. వ్యక్తిని లెక్కించక తప్పని చోట, ఉదాహరణకు ఒక రోజు ఎంతమంది పనికి వచ్చారో చూడాలంటే, పేరుకు బదులు అర్థం లేని ఒక సంఖ్య ఇస్తే సరిపోతుంది. ఆ యూజర్‌కు కనెక్షన్ల పరిమితి, క్వెరీకి (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు) కాలపరిమితి కూడా పెట్టాలి. కాలపరిమితిని ఆ యూజర్ తానే మార్చుకోగలడు గనుక అది భద్రతకు గోడ కాజాలదు. అయినా ఎవరో తెలియక రాసిన పెద్ద క్వెరీ బిల్లింగ్‌ను నిలిపేయకుండా కాపాడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ అంటే పేరూ, వచ్చే చోటూ కలిసిన జంట. అందువల్ల ఏ చిరునామా నుంచి వస్తేనే ఆ పేరు చెల్లుతుందో యూజర్‌లోనే రాసేయవచ్చు. ఎన్‌క్రిప్షన్ లేకుండా వస్తే తిప్పి పంపే నిబంధన కూడా అక్కడే పెట్టవచ్చు.

ఇదే జిల్లాలో ఇంతకంటే సున్నితమైన డేటా కూడా ఉంది. ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వంటి మండలాల్లో, కారణం ఇప్పటికీ స్పష్టంగా తేలని దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. అటువంటి చోట ఆరోగ్య సర్వే చేసే సంస్థ తన లెక్కలను డ్యాష్‌బోర్డుగా చూపాలనుకుంటే పేర్లు తీసేయడం ఒక్కటే సరిపోదు. చిన్న ఊరిలో ‘పురుషుడు, 41 ఏళ్లు, డయాలసిస్‌లో ఉన్నారు, సంఖ్య 1’ అన్న వరుస ఆ ఊరివారికి పేరు రాసినంత స్పష్టంగా ఉంటుంది. పెళ్లి సంబంధం చెడిపోవడానికి, అప్పు పుట్టకపోవడానికి ఆ ఒక్క వరుస చాలు. వయసును పదేళ్ల బృందాలుగా, ఊరిని మండలంగా మార్చి, ఒక నిర్ణీత సంఖ్యకు తక్కువగా ఉన్న గడులను ఖాళీగా వదిలేసే వ్యూను డేటాబేస్ వైపే తయారు చేయాలి. ఆ పని విశ్లేషణ సాధనంలోని ఫిల్టర్‌కు వదిలేస్తే, అసలు వరుసలు అప్పటికే అవతలికి వెళ్లిపోయి ఉంటాయి.

కాపీ నుంచి చదవాలా, అసలు నుంచా

అసలు డేటాబేస్ మీద భారం పడకుండా రీడ్ రెప్లికా (చదవడానికి మాత్రమే ఉండే నకలు) పెట్టి, సాధనాన్ని దానికి కలపమని సలహా ఇస్తారు. పని వేగానికి అది మంచి సలహా. భద్రతకు అది ఇచ్చేది, మనుషులు అనుకునే దానికంటే చాలా తక్కువ. రెప్లికా అసలుకు అచ్చుగుద్దిన నకలు కావడం వల్ల, ఆధార్ కాలమ్‌తో సహా అన్ని టేబుళ్లూ అందులో ఉంటాయి. యూజర్లూ పాస్‌వర్డులూ కూడా అవే. రెప్లికాలో చెల్లే పాస్‌వర్డ్, నెట్‌వర్క్ దారి ఉంటే అసలు డేటాబేస్‌లోనూ చెల్లుతుంది. దీనికి తోడు, రెప్లికా మీద ఎక్కువసేపు నడిచే క్వెరీలు, అసలు నుంచి వచ్చే మార్పులతో ఘర్షణ పడి మధ్యలో రద్దవుతుంటాయి. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 30 సెకన్ల వరకే ఓర్చుకుంటుంది.

చిన్న, మధ్యతరహా సంస్థలకు ఇంతకంటే మేలైన దారి ఒకటి ఉంది. రిపోర్టుల కోసం వేరే చిన్న డేటాబేస్ పెట్టి, రోజూ రాత్రి పని ముగిశాక అవసరమైన కాలమ్‌లను మాత్రమే అందులోకి ఎగుమతి చేయాలి. బయటి సాధనం ఆ చిన్న డేటాబేస్‌నే చూస్తుంది. అసలు డేటాబేస్‌కు బయటి ప్రపంచంతో సంబంధమే ఉండదు. పొద్దున్న చూసుకునే లెక్క రాత్రి వరకు ఉన్నదైతే యజమానికి వచ్చే నష్టమేమీ లేదు. క్షణక్షణం తాజా లెక్క కావాలన్న కోరిక ఎక్కువసార్లు అవసరం నుంచి పుట్టదు, సాధనం చూపే ప్రదర్శన నుంచి పుడుతుంది. నిజంగానే తాజాగా కావలసిన చోట, 2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15వ వెర్షన్ నుంచి లాజికల్ రెప్లికేషన్ అనే, మార్పులను వెంటవెంటనే మరో డేటాబేస్‌కు పంపే పద్ధతిలో ఏ కాలమ్‌లు వెళ్లాలో, ఏ వరుసలు వెళ్లాలో ఎంచుకునే వీలుంది. పరాయి ఇంట్లో ఉన్న తాళం చెవి ఈ చిన్న గదిదే అయినప్పుడు, అది పోయిన రోజున పోయేది కిలోలూ ధరలూ మాత్రమే. ధరలు పోవడం కూడా నష్టమే, కానీ దాని నుంచి వ్యాపారం కోలుకోగలదు. ఆధార్ అంకె ఒకసారి బయటపడితే దాన్ని వెనక్కి తెచ్చే మార్గం లేదు.

ఎవరు ముందు తలుపు తట్టాలి

ఇక మార్గం సంగతి. ఇందులో తేల్చుకోవలసిన విషయం, కనెక్షన్ ఏ వైపు నుంచి మొదలవుతుందన్నది. బయటి సాధనం లోపలికి వచ్చేలా ఏర్పాటు చేస్తే, ఎంత చిన్నదైనా ఒక తలుపు తెరవక తప్పదు. లోపలి నుంచి ఒక చిన్న ప్రోగ్రామ్ బయటికి కనెక్షన్ మొదలుపెట్టి, ఆ దారిలోనే ప్రశ్నలు తీసుకుని జవాబులు పంపేలా ఏర్పాటు చేస్తే, బయటివారికి తలుపే కనిపించదు. పవర్ బీఐకి ఉన్న గేట్‌వే, టాబ్లోకు ఉన్న బ్రిడ్జ్ ఇలాగే పని చేస్తాయి. సాధనానికి అటువంటి ఏర్పాటు ఉన్నప్పుడు దాన్ని వాడటమే సరైన నిర్ణయం.

ఆ గేట్‌వేను ఎక్కడ పెట్టాలన్నది శ్రీకాకుళం వంటి జిల్లాలో ప్రత్యేకంగా ఆలోచించాలి. ఆఫీసు గదిలోని డెస్క్‌టాప్ మీద పెడితే ఖర్చు ఉండదు. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జీడి, కొబ్బరి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగిన సంగతి ఇక్కడివారికి ఇంకా గుర్తే. డేటాబేస్ ఉన్న క్లౌడ్‌లోనే, దాని పక్కనే ఒక చిన్న సర్వర్ తీసుకుని గేట్‌వేను అక్కడ పెడితే తుఫానుతో నిమిత్తం ఉండదు. పైగా డేటాబేస్ పాస్‌వర్డ్‌తో నడిచే యంత్రం, అందరూ వచ్చిపోయే గదిలో ఉండదు. పవర్ బీఐ గేట్‌వే పెట్టేటప్పుడు అడిగే రికవరీ కీని మాత్రం రాసి భద్రపరచాలి. అది పోతే ఆ గేట్‌వేను ఇంకో యంత్రం మీదికి మార్చడం కుదరదు.

గేట్‌వే లేని సాధనాలు చాలానే ఉన్నాయి. వాటిలో కొన్ని తాము ఏ ఐపీ చిరునామాల నుంచి వస్తామో ప్రకటిస్తాయి. ఫైర్‌వాల్‌లో ఆ చిరునామాలకు మాత్రమే అనుమతి ఇవ్వడం, ఇందాకటి 0.0.0.0/0తో పోలిస్తే ఎంతో మెరుగు. అయినా దీనిలో ఒక లోపం ఉంది, దాన్ని గమనించేవారు తక్కువ. ఆ చిరునామాలు ఆ కంపెనీ ఖాతాదారులందరికీ ఉమ్మడివి. అదే సాధనంలో ఖాతా తెరిచిన ఎవరైనా అదే చిరునామా నుంచి అదే తలుపు దాకా రాగలరు. ఊరివారందరినీ ఆపిన కాపలాదారు, ఒకే బస్సులో దిగినవారిని మాత్రం విడదీసి గుర్తుపట్టలేడన్నమాట. అందువల్ల చిరునామాల జాబితా ఉన్నా పాస్‌వర్డ్ బలంగానే ఉండాలి, తాళం చెవి చిన్న గదిదే అయి ఉండాలి.

ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత ప్రవేశ పద్ధతితో కట్టే సొరంగం ఇంకో దారి. డేటాబేస్ పూర్తిగా ప్రైవేటు నెట్‌వర్క్‌లో ఉంటుంది. దాని ముందు ఒక చిన్న సర్వర్ నిలబడి, బయటి సాధనాన్ని తాళంతో గుర్తించి, లోపలికి దారి ఇస్తుంది. మెటాబేస్‌తో సహా అనేక సాధనాలు దీన్ని అంగీకరిస్తాయి. ఆ చిన్న సర్వర్‌లో పాస్‌వర్డ్‌తో ప్రవేశాన్ని పూర్తిగా మూసేయాలి, ఎస్‌ఎస్‌హెచ్ వినే 22వ పోర్టును ఆ సాధనం చిరునామాలకే తెరవాలి. ఎక్కువమంది వదిలేసే మూడో జాగ్రత్త ఒకటుంది: సాధనానికి ఇచ్చిన తాళం ఆ సర్వర్‌లో ఆదేశాలు నడపలేకుండా, ఒకే డేటాబేస్, ఒకే పోర్టు వరకే దారి ఇచ్చేలా ఆథరైజ్డ్ కీస్ ఫైలులో ఆ తాళం ముందు నిబంధన రాయాలి. అది రాయకపోతే ఆ తాళం దొరికినవారు ప్రైవేటు నెట్‌వర్క్‌లోని మిగిలిన యంత్రాలన్నిటినీ తట్టి చూడవచ్చు. సాధనమూ డేటాబేసూ ఒకే క్లౌడ్ కంపెనీలో ఉంటే, ఇంటర్నెట్‌కు ఎక్కకుండా నడిచే ప్రైవేట్ లింక్ వంటి ఏర్పాట్లు అన్నిటికంటే గట్టివి. వాటికి గంటల లెక్కన అద్దె ఉంటుంది కాబట్టి చిన్న సంస్థలు ఖర్చు చూసుకుని నిర్ణయించుకోవాలి.

తాళం గుర్తు ఉన్నా సరిపోదు

ఏ దారి ఎంచుకున్నా మార్గాన్ని ఎన్‌క్రిప్ట్ చేయడం తప్పనిసరి. కాని ఎన్‌క్రిప్ట్ అయిందన్న మాట ఒక్కటే విని తృప్తి పడకూడదు. పోస్ట్‌గ్రెస్ క్లయింటుకు ఎస్‌ఎస్‌ఎల్ మోడ్ అన్న అమరిక ఉంది, ఏమీ రాయకపోతే అది ప్రిఫర్ అన్న విలువ తీసుకుంటుంది. అంటే ఎన్‌క్రిప్షన్ దొరికితే వాడుతుంది, దొరకకపోతే మామూలుగానే కలుస్తుంది, ఎవరికీ ఏమీ చెప్పదు. రిక్వైర్ అని రాస్తే ఎన్‌క్రిప్షన్ ఖాయం. కానీ అవతల ఉన్నది మన డేటాబేసేనా, మధ్యలో నిలబడిన మరో యంత్రమా అన్నది అప్పుడు కూడా చూడదు. చీకట్లో రహస్యం చెవిలోనే చెప్పినా, ఆ చెవి ఎవరిదో చూడకపోతే ప్రయోజనం ఏముంది? వెరిఫై-ఫుల్ అని రాసినప్పుడే సర్టిఫికెట్‌ను (సర్వర్ గుర్తింపు పత్రాన్ని) నమ్మదగిన సంస్థ జారీ చేసిందా, అందులోని పేరు మనం వెతుకుతున్న హోస్ట్ పేరేనా అన్న రెండూ తనిఖీ అవుతాయి. బయటి సాధనం ఆ విలువను అంగీకరిస్తే అదే వాడాలి. అమెజాన్ క్లౌడ్ డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లో పోస్ట్‌గ్రెస్ 15వ వెర్షన్ నుంచి ఎన్‌క్రిప్షన్ లేని కనెక్షన్లను డేటాబేసే తిరస్కరించేలా అమర్చి ఇస్తున్నారు. పాత వెర్షన్ల మీద ఉన్నవారు ఆ అమరికను తామే వెతికి మార్చుకోవాలి.

సర్టిఫికెట్లకు గడువు ఉంటుందన్న సంగతి కూడా మరవరాదు. ఆర్‌డీఎస్ సేవ 2019లో ఇచ్చిన మూల సర్టిఫికెట్ గడువు 2024 ఆగస్టులో తీరిపోయింది. సమయానికి మార్చుకోని సంస్థలో ఒకరోజు డ్యాష్‌బోర్డు ఉన్నట్టుండి ఆగిపోతుంది. అప్పుడు కంగారులో ఎవరో తనిఖీనే తీసేస్తారు, పని నడుస్తుంది, తనిఖీ మళ్లీ రాదు. ఇది ఆ ‘తాత్కాలికం’ కథకు రెండో రూపం.

పాస్‌వర్డ్ విషయంలో, క్లౌడ్ కంపెనీలు పాస్‌వర్డ్‌కు బదులు కొద్దిసేపటికే గడువు తీరిపోయే టోకెన్లు ఇవ్వగలవు గాని, బయటి సాధనాలు ఎక్కువగా స్థిరమైన పాస్‌వర్డ్‌నే అడుగుతాయి. అప్పుడు క్రమం తప్పకుండా మార్చడమే దారి. మార్చిన రోజున రిపోర్టులు ఆగకుండా ఉండటానికి ఇద్దరు జంట యూజర్లను పెట్టుకుని, ఒకరు వాడుకలో ఉండగా ఇంకొకరి పాస్‌వర్డ్ మార్చి, తర్వాత సాధనాన్ని అటు తిప్పడం సుఖమైన పద్ధతి.

రిపోర్టు లింకు దారిలో పోయేది

డేటాబేస్ వైపు ఇన్ని తాళాలు వేసినా, రిపోర్టు వైపు కిటికీ తెరిచి ఉంటే అంతా వృథా. లుకర్ స్టూడియోలో రిపోర్టు తయారు చేసిన వ్యక్తి హక్కులతోనే చూసేవారందరికీ డేటా చూపే అమరిక ఉంది. దానికి తోడు లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చన్న అనుమతి ఇచ్చి, ఆ లింకును వాట్సాప్ గ్రూపులో పెడితే, గ్రూపు నుంచి బయటికి వెళ్లిన ప్రతి ఫార్వర్డూ ఒక నకలు తాళం చెవి అవుతుంది. పవర్ బీఐలోని పబ్లిష్ టు వెబ్ అయితే పేరుకు తగ్గట్టే రిపోర్టును లోకం మొత్తానికీ చూపిస్తుంది. అడుగున ఉన్న వరుసల దాకా వెళ్లే వీలు రిపోర్టులో ఉంటే, ఆ వరుసలు కూడా దానితో పాటే బయటికి వెళ్తాయి.

ఈ సాధనాలు డేటాను చదివి వదిలేయవు. చాలాసార్లు ఒక కాపీని తమ దగ్గర నిల్వ చేసుకుంటాయి. డేటాబేస్‌లో ఒక కార్మికురాలి వివరాలు తుడిచేసినా, ఆ కాపీ మళ్లీ తాజా అయ్యేదాకా అక్కడ ఉంటాయి. ఇది చట్టానికి సంబంధించిన విషయం కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, డేటాను బయటి కంపెనీ చేత ప్రాసెస్ చేయించినా బాధ్యత సేకరించిన సంస్థ మీదే ఉంటుంది, ఆ కంపెనీతో చెల్లుబాటయ్యే ఒప్పందం ఉండాలి, తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. అంతకు ముందే, 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ సంఘటనను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. లాగ్ అంటే ఇక్కడ ముఖ్యంగా ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి కలిశారన్నది. రాత్రి ఒంటిగంటకు మాత్రమే రావలసిన యూజర్ ఆదివారం మధ్యాహ్నం కొత్త చిరునామా నుంచి వచ్చాడంటే, అది ఎవరో ఒకరి కంట్లో పడేలా హెచ్చరిక పెట్టి ఉంచాలి.

కనెక్షన్ పెట్టేటప్పుడు ఉండే శ్రద్ధ తీసేటప్పుడు ఉండదు. యజమాని ఒక సాధనం నచ్చక మరొకదానికి మారతారు, పాతదానికి డబ్బు కట్టడం ఆపేస్తారు, అంతటితో అయిపోయిందనుకుంటారు. ఫైర్‌వాల్‌లో దాని నియమం, డేటాబేస్‌లో దాని యూజర్, ఆ కంపెనీ సర్వర్లలో పాస్‌వర్డ్, డేటా కాపీ, నాలుగూ అలాగే ఉంటాయి. సాధనం మానేసిన రోజునే ముందు ఫైర్‌వాల్ నియమాన్ని తీసేయాలి. యూజర్‌కు లాగిన్ హక్కు రద్దు చేయాలి. అయితే పోస్ట్‌గ్రెస్‌లో ఆ రద్దు కొత్తగా వచ్చేవారినే ఆపుతుంది, అప్పటికే లోపల ఉన్న కనెక్షన్ తెగదు. ప్రస్తుత కనెక్షన్లను చూపే పీజీ స్టాట్ యాక్టివిటీలో ఆ పేరు ఇంకా కనిపిస్తోందేమో చూసి, కనిపిస్తే పీజీ టెర్మినేట్ బ్యాకెండ్‌తో దాన్ని తెంచాలి. ఆ తర్వాత పాత సాధనంలోకి చివరిసారి లాగిన్ అయి, అందులో నిల్వ ఉన్న కాపీలనూ కనెక్షన్ వివరాలనూ తుడిచేసి, అప్పుడు ఆ ఖాతా మూసేయాలి. ఖాతా ముందే మూసేస్తే ఆ కాపీల దగ్గరికి వెళ్లే దారి ఉండదు.